డిస్క్ పెట్టగానే ఆటోప్లే ఎర్రర్: విండోస్ ఫార్మాట్ చేసే ముందు ఇవి చూడండి

గుణుపురం నుంచి వచ్చిన ప్రశ్న ఇది. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంది, విండోస్ 7 నుంచి 10కి మార్చారు. అందులో పెట్టి చూడాలనుకున్నవి మూడు రకాలు: 2009లో జరిగిన అక్క పెళ్లి డీవీడీలు, నాన్నగారు దాచిన సినిమా వీసీడీలు, బడి రోజుల్లో కొన్న ఒడియా పాఠాల సీడీ. ఏ డిస్క్ పెట్టినా ఆటోప్లే, అంటే ఈ డిస్క్‌ని ఏం చేయమంటారని విండోస్ అడిగే పెట్టె, రావడం లేదు. వీసీడీ అయితే డ్రైవ్ మీద క్లిక్ చేస్తే తెరుచుకుంటోంది. పెళ్లి డీవీడీ కాసేపు గిర్రున తిరిగి ఆగిపోతోంది, క్లిక్ చేస్తే డ్రైవ్‌లో డిస్క్ పెట్టమని అడుగుతోంది. పాఠాల సీడీలో సెటప్ నొక్కితే ఈ యాప్ మీ పీసీలో నడవదని మెసేజ్ వస్తోంది. దగ్గర్లో షాపులో చూపిస్తే విండోస్ పాడైంది, ఫార్మాట్ కొట్టాలి అన్నారట. కొట్టించేయమంటారా అని అడిగారు.

వద్దండీ. పర్లాకిమిడి, బరంపురం వైపు చాలాకాలంగా ఇదే రిపేరు పనిలో ఉన్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. మీ దగ్గర ఉన్నది ఒక సమస్య కాదు, మూడు. వాటిలో దేనికీ ఫార్మాట్ అక్కర్లేదు. పైగా ఫార్మాట్ చేస్తే సి డ్రైవ్‌లో ఉన్న ఫొటోలూ, సర్టిఫికెట్ల స్కాన్లూ కూడా పోతాయి.

ముందు ఒక్క విషయం స్పష్టం చేసుకుందాం. ఆటోప్లే అంటే పెళ్లివారింట్లో గుమ్మం దగ్గర నిలబడి "ఫలానా వారొచ్చారు" అని లోపలికి కేకేసే మనిషిలాంటిది. ఆ మనిషి పలకలేదంటే చుట్టాలు రాలేదని అర్థం కాదు. చుట్టాలే రాకపోతే ఆ మనిషిని మార్చినా లాభం లేదు. మీ వీసీడీల విషయం మొదటి రకం. పెళ్లి డీవీడీల విషయం రెండో రకం.

డిస్క్ పెట్టగానే లోపల జరిగేది ఇదీ. డ్రైవ్ డిస్క్‌ని తిప్పుతుంది, లేజర్ ఫోకస్ చేసుకుని మధ్య భాగంలో ఉన్న విషయసూచిక చదువుతుంది, కొత్త డిస్క్ వచ్చిందని విండోస్‌కి కబురు పంపుతుంది. విండోస్ అందులోని ఫైల్ సిస్టమ్‌ని, అంటే ఫైళ్లు అమర్చిన పద్ధతిని, గుర్తుపడుతుంది. ఆ తర్వాత తెరవెనక నడిచే షెల్ హార్డ్‌వేర్ డిటెక్షన్ అనే సర్వీసు లోపల ఏముందో చూస్తుంది: పాటలా, సినిమానా, ఫొటోలా, లేక ఆటోరన్.ఐఎన్ఎఫ్ అనే ఫైల్ ఉన్న ప్రోగ్రామ్ సీడీనా అని. అన్నిటికన్నా చివర్లో ఆటోప్లే మనకి కనిపిస్తుంది. ఈ గొలుసులో ఎక్కడ తెగినా మనకి కనిపించే లక్షణం ఒక్కటే, ఆటోప్లే రాలేదు అని. అందుకే చాలామంది నేరుగా సెట్టింగుల మీద పడతారు. డిస్క్ పెట్టి, అర నిమిషం ఆగి, దిస్ పీసీ తెరిచి డ్రైవ్ బొమ్మ చూడటమే సరైన మొదటి పని. బొమ్మే లేకపోతే ఒక దారి, బొమ్మ ఉండి డిస్క్ పేరు రాకపోతే ఇంకో దారి, పేరూ వచ్చి ఫైళ్లు కూడా తెరుచుకుంటే మూడో దారి.

మీ మూడింట్లో పెళ్లి డీవీడీ ముఖ్యం. సినిమా ఇంకెక్కడైనా దొరుకుతుంది, పాఠాలూ దొరుకుతాయి, అక్క పెళ్లి మళ్లీ దొరకదు. అందుకే ముందు దాని గురించి చెబుతాను. అప్పటిదాకా ఆ డిస్క్‌ని అదే డ్రైవ్‌లో మళ్లీ మళ్లీ పెట్టి తీయకండి.

సీడీ చదివే లేజర్ 780 నానోమీటర్లది, డీవీడీ చదివేది 650 నానోమీటర్లది. డీవీడీ డ్రైవ్‌లో ఈ రెండూ ఉంటాయి. వాటిలో ఒకటి నీరసించి ఇంకోటి బాగుండటం మామూలే. మీ వీసీడీలు తెరుచుకుంటున్నాయంటే సీడీ లేజర్, మోటారు, కేబుల్, విండోస్ డ్రైవర్ అన్నీ పని చేస్తున్నాయని తేలిపోయింది. ఇక మిగిలినవి రెండే: డీవీడీ లేజర్, పెళ్లి డిస్క్. ఈ రెంటినీ విడదీయడానికి కంపెనీలో అచ్చు వేసిన ఒక సినిమా డీవీడీ కావాలి. ఎవరిదైనా అడిగి తెచ్చుకోండి. అచ్చు డిస్క్ కింది వైపు వెండి లేదా లేత బంగారు రంగులో ఉంటుంది. స్టూడియోలో రాసిన డిస్క్ ఊదా రంగు ఛాయలో ఉంటుంది, దాన్ని వాడకండి. అచ్చు డీవీడీ కూడా తెరుచుకోకపోతే డ్రైవ్‌దే లోపం. అది బాగా ఆడి పెళ్లి డిస్క్ మాత్రం ఆడకపోతే లోపం డిస్క్‌లో ఉంది, లేదా ఆ డ్రైవ్‌కి ఆ డిస్క్ పడటం లేదు. ఈ రెండో మాట తేలిగ్గా తీసుకోకండి. స్టూడియోలో రాసిన పాత డిస్క్‌ని ఒక డ్రైవ్ చదవలేకపోయినా ఇంకో డ్రైవ్ చక్కగా చదవడం ఎన్నోసార్లు చూశాను. కనీసం ఇంకో రెండు డ్రైవ్‌లలో పెట్టి చూడకుండా డిస్క్ పోయిందని అనుకోవద్దు. పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు మీ వీధిలోనే ఉంటారు. టీవీకి పెట్టే డీవీడీ ప్లేయర్‌లో ఆడినా చాలు, డిస్క్ బతికే ఉందన్నమాట.

రాసిన డిస్క్‌లు ఎందుకు పోతాయో కూడా చెప్పాలి. అచ్చు డిస్క్‌లో సమాచారం గుంటల రూపంలో ఉంటుంది. స్టూడియోలో రాసిన దాంట్లో ఒక రంగు పొర ఉంటుంది, లేజర్ ఆ రంగుని అక్కడక్కడ మార్చి రాస్తుంది. ఎండ, వేడి, తేమ ఆ రంగు పొరకి పడవు. వంశధార పక్కన ఉన్న మీ ఊళ్లో వానాకాలం తేమ ఎలా ఉంటుందో మీకే తెలుసు. ప్లాస్టిక్ కవర్ ఆల్బమ్‌లో బిగించి బీరువాలో పెట్టిన డిస్క్‌ల మీద మచ్చలు రావడం మన వైపు చాలా ఎక్కువ. డిస్క్‌ని ట్యూబ్‌లైట్ కింద వంచి చూడండి. మచ్చలు కింది వైపు పైపైన ఉంటే శుభ్రం చేస్తే పోతాయి. పొర లోపల మేఘంలా పాలిపోయి ఉంటే పోవు.

శుభ్రం చేయడానికి మంచినీళ్లు, అవసరమైతే ఒక చుక్క మామూలు సబ్బునీళ్లు, మెత్తని నూలు గుడ్డ. మధ్య రంధ్రం నుంచి అంచు దాకా నేరుగా తుడవాలి, గుండ్రంగా తిప్పుతూ తుడవకూడదు. డిస్క్‌లో సమాచారం చుట్లు చుట్లుగా ఉంటుంది. తుడిచేటప్పుడు గీత పడినా అడ్డంగా పడితే ఒక్కో చుట్టులో కొంచెమే పోతుంది, దాన్ని డ్రైవ్ తనంతట తాను సరిచేసుకోగలదు. చుట్టు వెంబడి పడితే వరసగా పోతుంది, సరిచేసుకోలేదు. థిన్నర్, పెట్రోలు, నెయిల్ పాలిష్ తీసే మందు దగ్గరికి కూడా రానివ్వకండి. పేస్టు రాసి గీతలు తీసే చిట్కా వీడియోల్లో చూసి ఉంటారు, పెళ్లి డిస్క్ మీద ఆ ప్రయోగం వద్దు. సీడీల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. సమాచారం ఉండే పొర పేరు రాసే పై వైపుకి అతి దగ్గరగా, పల్చటి వార్నిష్ కింద ఉంటుంది. బాల్‌పెన్‌తో గట్టిగా రాసినా, అంటించిన స్టిక్కర్ పీకినా ఆ పొరే ఊడొస్తుంది. అక్కడ పోయింది ఇక రాదు. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది కాబట్టి పైనుంచి కొంచెం రక్షణ ఎక్కువ.

డ్రైవ్‌దే లోపమని తేలితే దాన్ని రిపేరు చేయించడం దండగ. యూఎస్‌బీతో పెట్టే బయటి డీవీడీ డ్రైవ్ ఒకటి కొనుక్కోండి, రేపు ఏ కంప్యూటర్ కొన్నా పనికొస్తుంది. దాన్ని క్యాబినెట్ ముందున్న పోర్టుకి కాకుండా వెనక మదర్‌బోర్డుకి ఉన్న పోర్టుకే నేరుగా పెట్టండి. పాత యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. డిస్క్ తిరగడం మొదలయ్యేటప్పుడు డ్రైవ్‌కి ఎక్కువ కరెంటు కావాలి. అది చాలకపోతే తిరగబోయి ఆగిపోతుంది, టక్కుటక్కుమని చప్పుడొస్తుంది, సరిగ్గా డిస్క్ పాడైనట్టే కనిపిస్తుంది. రెండు యూఎస్‌బీ పిన్నులున్న కేబుల్ వస్తే రెండూ పెట్టాలి. లోపలి డ్రైవ్ విషయంలో కూడా పాతబడిన ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటర్‌కి కరెంటు అందించే పెట్టె, ఇదే పని చేస్తుంది. ఓల్టేజీ తగ్గే ఊళ్లలో దీన్ని తప్పక అనుమానించాలి.

డిస్క్ ఒక్కసారి తెరుచుకుందంటే సినిమా చూస్తూ కూర్చోకండి, ముందు కాపీ చేయండి. లోపల వీడియో_టీఎస్ అనే ఫోల్డర్ ఉంటుంది, ఆ ఫోల్డర్ మొత్తం హార్డ్‌డిస్క్‌లోకి లాగేయండి. అందులో వీడియో ఉండే వీఓబీ ఫైళ్లు ఒక్కోటి 1 జీబీ దాకా, మొత్తం కలిపి 4 జీబీ పైన ఉండొచ్చు. మధ్యలో ఏదో ఒక ఫైలు దగ్గర ఆగిపోతే దాన్ని వదిలి మిగతావి ముందు తీసుకోండి. తాళి కట్టిన ఘట్టం ఏ ఫైలులో ఉందో ముందే తెలియదు కదా, దొరికినంత దాచుకోవడమే. ఆగిపోయిన ఫైలు కోసం విండోస్ బదులు వాడే లినక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. బాగున్న భాగాలు ముందు చదివేసి, పాడైన చోట్లకి తర్వాత ఓపిగ్గా మళ్లీ మళ్లీ వెళ్తుంది. గంటల తరబడి పట్టొచ్చు, పట్టనివ్వండి. దాంతో వచ్చే ఐఎస్ఓ ఫైలుని, అంటే డిస్క్ మొత్తాన్నీ ఒకే ఫైలుగా తీసిన నకలుని, విండోస్ 10లో రెండుసార్లు క్లిక్ చేస్తే చాలు, డిస్క్ పెట్టినట్టే తెరుచుకుంటుంది. కాపీ రెండు చోట్ల ఉండాలి, ఒకటి మీ దగ్గర, ఒకటి అక్క దగ్గర.

ఎవరిదైనా చిన్న సైజు డిస్క్ అయితే, అంటే హ్యాండీక్యామ్‌లో నేరుగా రాసే 8 సెంటీమీటర్లది అయితే, ఇంకో సంగతి ఉంది. రికార్డింగ్ అయ్యాక ఆ కెమెరాలోనే ఫైనలైజ్ చేయకపోతే, అంటే వేరే వాటిలో కూడా ఆడేలా డిస్క్‌ని ముగించకపోతే, కంప్యూటర్‌కి అది ఖాళీ డిస్క్‌లా కనిపించొచ్చు. అలాంటిది చేతికొస్తే ఖాళీ డిస్క్ అనుకుని దాని మీద ఇంకేదీ రాయకండి. ఆ కెమెరా పని చేస్తుంటే అందులోనే పెట్టి ఫైనలైజ్ చేయాలి.

ఇక వీసీడీలు. ఫైళ్లు తెరుచుకుంటున్నాయి, ఆటోప్లే మాత్రం రావడం లేదు. ఇది సెట్టింగుల సంగతి. అయితే అసలు రావడం లేదా, వచ్చి పోతోందా అన్నది ముందు గమనించండి. విండోస్ 7లో ఆటోప్లే తెర మధ్యలో పెద్ద పెట్టెలా వచ్చి మనం ఏదో ఒకటి నొక్కేదాకా ఉండేది. విండోస్ 10లో కుడివైపు కింద మూల చిన్న నోటిఫికేషన్‌లా వచ్చి కొన్ని సెకన్లలో వెళ్లిపోతుంది. 7 నుంచి 10కి మారినవాళ్లలో చాలామంది ఆటోప్లే పోయిందనుకునేది ఇందువల్లే. నోటిఫికేషన్లు ఆపేసి ఉంటే అదీ కనిపించదు.

నిజంగానే రాకపోతే సెట్టింగ్స్‌లో డివైసెస్, అందులో ఆటోప్లే తెరిచి పైనున్న స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. విండోస్ 11 వాడేవాళ్లకి ఇదే బ్లూటూత్ అండ్ డివైసెస్ కింద ఉంటుంది. డిస్క్‌ల రకాలన్నీ విడివిడిగా కనిపించాలంటే పాత కంట్రోల్ ప్యానెల్‌లో ఆటోప్లే తెరవాలి. డీవీడీ సినిమా, వీసీడీ, పాటల సీడీ, ఖాళీ సీడీ అన్నిటికీ వేర్వేరు ఎంపికలుంటాయి. ఎప్పుడో ఎవరో "టేక్ నో యాక్షన్" పెట్టి ఉంటే ఆ రకానికి మాత్రం ఏమీ రాదు. అడుగున రీసెట్ బటన్ ఉంది, నొక్కండి. తర్వాత విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి సర్వీసెస్.ఎంఎస్‌సి అని కొట్టి, షెల్ హార్డ్‌వేర్ డిటెక్షన్ నడుస్తోందా, ఆటోమేటిక్‌లో ఉందా చూడండి. కంప్యూటర్ స్పీడ్ పెంచుతామనే ప్రోగ్రాములు దీన్ని అనవసరమైన సర్వీసుల లెక్కలో వేసి ఆపేస్తుంటాయి.

అదీ సరిగ్గా ఉంటే మీ కేసులో నాకు గట్టి అనుమానం ఒకటి ఉంది. దానికి కాస్త వెనక్కి వెళ్లాలి. విండోస్ 95 రోజుల నుంచీ సీడీ పెట్టగానే అందులోని ప్రోగ్రామ్ తనంతట తాను నడిచే ఏర్పాటు ఉండేది. 2005లో సోనీ బీఎంజీ పాటల సీడీలు ఈ దారినే జనం కంప్యూటర్లలోకి ఒక దొంగచాటు సాఫ్ట్‌వేర్ ఎక్కించి పెద్ద గొడవైంది. 2008 చివర్లో కాన్‌ఫికర్ అనే, కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి తనంతట తాను పాకే వైరస్ వచ్చింది, అది పాకిన దారుల్లో పెన్‌డ్రైవ్‌లోని ఆటోరన్ ఫైలు ఒకటి. మన ఊళ్లలో నెట్ సెంటర్లు, జిరాక్స్ షాపులు, ఫొటో స్టూడియోలు అన్నిటా ఒకే పెన్‌డ్రైవ్ తిరిగే రోజులవి. మైక్రోసాఫ్ట్ విండోస్ 7లో పెన్‌డ్రైవ్‌ల ఆటోరన్ తీసేసింది, 2011 ఫిబ్రవరిలో పాత విండోస్‌లకీ అదే అప్‌డేట్ పంపింది. ఆ లోపల వైరస్ భయంతో రిపేరు చేసేవాళ్లూ, పెన్‌డ్రైవ్ రక్షణ అని వచ్చిన చిన్న ప్రోగ్రాములూ విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఒక అంకె మార్చి అన్ని డ్రైవ్‌లకీ ఆటోప్లే పూర్తిగా మూసేసేవాళ్లు. అప్పటికి అది మంచి పనే. విండోస్ 7 మీద 10 అప్‌గ్రేడ్ చేస్తే ఆ అంకె అలాగే కొనసాగుతుంది. మీది అలా మారిన కంప్యూటరే.

చూడాలంటే రిజిస్ట్రీని చూపించే రెజ్ఎడిట్ ప్రోగ్రామ్ తెరవండి. కరెంట్ యూజర్ కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్, పాలసీస్, ఎక్స్‌ప్లోరర్ దాకా వెళ్లండి. లోకల్ మెషిన్ కింద కూడా ఇదే దారి ఉంటుంది, రెండు చోట్లా చూడాలి. అక్కడ నోడ్రైవ్‌టైప్‌ఆటోరన్ అనేది ఉందా, దాని విలువ ఎంత అన్నదే ప్రశ్న. ఒక్కో రకం డ్రైవ్‌కి ఒక్కో అంకె: పెన్‌డ్రైవ్‌కి 4, నెట్‌వర్క్‌కి 10, సీడీకి 20, ఇలా, అన్నీ హెక్సా లెక్కలో, అంటే పది బదులు పదహారు గుర్తులతో రాసే పద్ధతిలో. ఏ అంకె కలిస్తే ఆ రకం మూతపడుతుంది. ఎఫ్ఎఫ్ అని ఉంటే అన్నీ మూసేసినట్టు, బి5 అని ఉంటే సీడీ కూడా మూసినట్టు. మామూలుగా ఉండాల్సింది 91. మార్చే ముందు ఆ కీ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. ఇంకో చోటు కూడా ఉంది: లోకల్ మెషిన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, సర్వీసెస్, సీడీరామ్. అక్కడ ఆటోరన్ విలువ 1 ఉండాలి, 0 ఉంటే డిస్క్ మారిన కబురే పైకి రాదు. మార్చాక కంప్యూటర్ రీస్టార్ట్ చేయాలి. ఇది ఇంటి కంప్యూటర్లకి చెబుతున్న మాట. ఆఫీసులోనో బడిలోనో కావాలనే మూసి ఉంచుతారు, అక్కడ చేయి పెట్టొద్దు.

వచ్చాక కూడా "ప్రతిసారీ నన్ను అడుగు" అనే ఎంపికే పెట్టుకోమని నా సలహా. దానంతట అదే ఏదైనా నడిచే పద్ధతి మళ్లీ తెచ్చుకోవద్దు. ఇంకో మాట, విండోస్ 8 నుంచీ డీవీడీ సినిమా ఆడించే సౌకర్యం విండోస్‌తో పాటు రావడం లేదు. ఆటోప్లే వచ్చి, మీడియా ప్లేయర్ తెరుచుకుని, బొమ్మ రాకపోతే ఎర్రర్ అనుకోకండి, వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్ వేసుకుంటే ఆడుతుంది. వీసీడీలో ఎంపెగ్ఏవీ ఫోల్డర్‌లో పేరు చివర DAT అని ఉండే వీడియో ఫైళ్లూ వీఎల్‌సీలో ఆడతాయి. వాటిని మామూలుగా కాపీ చేస్తే కొన్నిసార్లు ఎర్రర్ వస్తుంది. అప్పుడు వీఎల్‌సీలోనే కన్వర్ట్‌కి వెళ్లి, డిస్క్ ట్యాబ్‌లో వీసీడీ ఎంచుకుని సేవ్ చేయండి.

పాఠాల సీడీది వేరే కథ. విండోస్ 98 కాలంలో చాలా సెటప్ ప్రోగ్రాములు 16 బిట్‌వి, అంటే పాత తరం కంప్యూటర్ల కోసం రాసినవి. 64 బిట్ విండోస్ వాటిని అసలు నడపదు, కంపాటిబిలిటీ మోడ్ పెట్టినా నడపదు. సీడీ తెరిచి ఆటోరన్.ఐఎన్ఎఫ్‌ని నోట్‌ప్యాడ్‌లో చూడండి, ఓపెన్ అనే వరసలో అసలు ఏ ప్రోగ్రామ్‌ని పిలుస్తోందో ఉంటుంది. ఆ పేరు గల ఫైలే డిస్క్‌లో లేకపోయినా, చదవలేకపోయినా కూడా ఎర్రర్ వస్తుంది. మిగతా ఫోల్డర్లు కూడా తెరిచి చూడండి. చాలాసార్లు సెటప్ ఒక్కటే 16 బిట్‌ది, అసలు పాఠాలు మామూలు వీడియో ఫైళ్లుగానో పీడీఎఫ్‌లుగానో లోపలే ఉంటాయి, నేరుగా తెరవొచ్చు. ఏదీ కుదరకపోతే 32 బిట్ విండోస్ ఉన్న పాత కంప్యూటర్ ఒక్కటే సులువైన దారి. తెరుచుకున్నాక అక్షరాల బదులు పిచ్చి గీతలూ ఇంగ్లీషు ముక్కలూ కనిపిస్తే డిస్క్ పాడైందని టెన్షన్ పడకండి. మన వైపు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా కదా, అప్పట్లో తెలుగుకి అను, ఒడియాకి ఆకృతి ఫాంట్లు ఎక్కువగా వాడేవాళ్లు. అవి ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ వాడే యూనికోడ్ పద్ధతివి కావు. ఆ ఫాంట్ కంప్యూటర్‌లో లేకపోతే అక్షరాలు అలాగే కనిపిస్తాయి. సీడీలోనే ఫాంట్స్ అనే ఫోల్డర్ ఉందేమో చూసి, ఉంటే ఇన్‌స్టాల్ చేయండి.

మీకు లేని సమస్యే అయినా ఇది చదివే వేరేవాళ్లకి పనికొస్తుందని ఒక్క ముక్క: దిస్ పీసీలో డ్రైవ్ బొమ్మే లేకపోతే డివైస్ మేనేజర్ తెరవండి. అక్కడ డ్రైవ్ పేరు కూడా లేకపోతే కేబుల్ తీసి పెట్టాలి. పసుపు గుర్తుతో కోడ్ 19 గానీ 39 గానీ ఉంటే, తీసేసిన పాత సీడీ రైటింగ్ సాఫ్ట్‌వేర్ మిగిల్చిన అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనే విలువలు కారణం కావొచ్చు. రిజిస్ట్రీలో కంట్రోల్, క్లాస్ కింద 4డి36ఇ965తో మొదలయ్యే కీలో ఉంటాయి. బ్యాకప్ తీసుకుని ఆ రెండే తీసేసి రీస్టార్ట్ చేయాలి. పక్కనున్న కీలూ దాదాపు ఇలాంటి పేర్లతోనే ఉంటాయి, చివరి అంకె దాకా సరిచూసుకోండి.

మీరు ముందు అచ్చు డీవీడీ పెట్టి చూసి ఏమైందో ఇక్కడ రాయండి. పెళ్లి డిస్క్ కింది వైపు వెలుతురులో ఫొటో తీసి పెట్టండి, రిజిస్ట్రీలో ఆ అంకె ఎంత ఉందో కూడా చెప్పండి. డిస్క్‌దే లోపమైతే డీడీరెస్క్యూ ఎలా నడపాలో వరసగా రాస్తాను.